వదులు మూత

డ్రమ్ములక్క వెనక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతిలో గాజు జాడీ ఉంది. పొద్దున్నే దాన్ని మరిగే నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టి, ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఇక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ సిమెంటు నేలను, డ్రమ్ములను ఎన్నిసార్లు కడిగిందో ఆమెకే తెలుసు; ఆ పేరు వచ్చిందీ అలాగే. ఇవాళ దాని మీద కాలు పెట్టడానికి బెరుకుగా ఉంది.

ఆ ఊళ్లో చేత్తో బీరు కాసే చిన్న చిన్న ఇళ్లకు ఒక పద్ధతి ఉంది. మడ్డి కావలసినవాళ్లు ఇంకొకరి గుమ్మంలోకి ఖాళీ జాడీ తీసుకెళ్లి నిలబడతారు. నోరు తెరిచి అడగక్కర్లేదు. లోపలివాళ్లు జాడీ అందుకుని, పులిసిన డ్రమ్ము అడుగున మీగడలా పేరుకున్న మడ్డి పోసి ఇస్తారు. చదువుకున్నవాళ్లు దాన్ని ఈస్ట్ అంటారు. బార్లీ కషాయంలో అది పడితేనే బీరవుతుంది, పాలలో తోడు పడితేనే పెరుగైనట్టు. దానికి ఎవరూ డబ్బు పుచ్చుకోరు.

లోపల పెద్దమ్మ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, చేతులు పైకి మడుచుకుని, డ్రమ్ము అడుగు కుళాయి విప్పి బకెట్లోకి మడ్డి పడుతోంది. ఊళ్లో బీరు కాసే పనివాళ్లందరికీ ఆవిడ పెద్దమ్మే, వయసులో ఆవిడకంటే పెద్దవాళ్లకు కూడా. చిక్కటి మడ్డి జారుతూ బకెట్లో మడతలు మడతలుగా పడుతోంది. పండిన అరటిపళ్ల వాసన, తడిసిన ధాన్యం వాసన కలిసి గుమ్మం దాకా వచ్చాయి.

పెద్దమ్మ తలెత్తి ఆమెను చూసింది. తర్వాత జాడీని చూసింది.

"పొయ్యి పెట్టావంటగా?"

"అవునమ్మా. ఇంటి వెనక షెడ్లో. చిన్నదే."

"చిన్నదో పెద్దదో, పొయ్యి పొయ్యే." పెద్దమ్మ కుళాయి కట్టేసింది. "పని నేర్పడం, రెక్కలు రాగానే ఎగిరిపోతుంటే చూడ్డం. ఇదే సరిపోయింది నా బతుక్కి."

"మీకు చెప్పే మానేశానమ్మా..."

"చెప్పావులే. చెప్పలేదన్నానా?"

నిండిన బకెట్ పట్టుకుని పెద్దమ్మ మురికి కాలువ దగ్గరకు నడిచింది. కాలువ డ్రమ్ములక్క నిలబడ్డ గుమ్మం పక్కనే ఉంది. ఆవిడ బకెట్ అంచు కాలువకు ఆనించి మెల్లగా వంచింది. మడ్డి మొత్తం, ఏ తొందరా లేకుండా, ఒక పెద్ద నాలుకలా జారి కాలువలోకి పోయింది. తర్వాత పైపు పెట్టి నీళ్లు కొట్టింది.

"మా దగ్గర మిగల్లేదు," అంది.

లోపల పీపాలు దొర్లిస్తున్న పనివాళ్లు తలలు వంచుకున్నారు. ఒకడు దగ్గు రాకపోయినా దగ్గాడు. డ్రమ్ములక్క జాడీని మళ్లీ గుడ్డలో చుట్టుకుంది. చుట్టడానికి చాలాసేపు పట్టింది, గుడ్డ కొస చేతికి దొరకలేదు.

దారిలో ఇంకో రెండు గుమ్మాలు ఎక్కింది. ఆఖరి ఇంట్లో ఉండే బట్టతలాయన మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. జాడీ వైపు మాత్రం చూడలేదు.

"చూడమ్మా, మేమెవరమూ మడ్డి దాచుకోం. పెద్దమ్మ దగ్గర ఎప్పుడూ ఉంటుంది కదా అని వారం వారం అక్కడే తెచ్చుకుంటాం. నీకిచ్చినట్టు ఆవిడకి తెలిసిందనుకో, వచ్చే వారం నా జాడీ కూడా ఖాళీగానే ఇంటికొస్తుంది. ఏమీ అనుకోకు."

"అనుకోను బాబాయ్," అందామె. నీళ్లు తాగి గ్లాసు బోర్లించి వచ్చేసింది.

*

అత్తగారు షెడ్డు ముందు పీట వేసుకుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. కోడలి చేతిలో జాడీ చూసి, "ఖాళీగా తెచ్చావేమే? అంత దూరం మోసినందుకు నీళ్లన్నా పట్టుకురావలసింది," అంది.

డ్రమ్ములక్క జాడీని గుమ్మం పక్కన దించింది. అత్తగారు ఆమె మొహం చూసి కత్తిపీట పక్కకు జరిపింది.

"ఇవ్వనందా?"

"కాలువలో పోసింది అత్తయ్యా. నా ముందరే."

"అయ్యో!" అంది అత్తగారు. మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. "పోనీలే. బజార్లో ప్యాకెట్లు అమ్ముతారుగా, అదే వేసెయ్. మీ మామగారు మందు వాసనకే వీధి మారేవారు. నా కొడుకు లారీ తోలతాడు గానీ చుక్క ముట్టడు. ఆ ఇంటికి బీరు కాసే కోడలు వచ్చింది! ప్యాకెట్టో పచ్చిమడ్డో, మనం తాగి చూస్తామా ఏమన్నా?"

"కుళాయిల బాబాయి తాగి చూస్తాడు."

కుళాయిల బాబాయిది బస్టాండు ఎదురుగా ఉన్న బార్. బల్ల మీద ఎనిమిది ఇత్తడి కుళాయిలు వరసగా ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆరు కుళాయిల్లో పెద్ద రోడ్డు మీది కంపెనీ బీరు వస్తుంది. ఏడోది పెద్దమ్మది. ఎనిమిదోదానికి గుడ్డ చుట్టి ఉంది. ఆయన ఆమెతో స్పష్టంగా చెప్పాడు: "కంపెనీ రుచి నాకు ఆరు చోట్ల కారుతోందమ్మా. దీంట్లో మనూరి రుచి రావాలి. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత కంపెనీవాడు వచ్చి అడిగితే కాదనలేను." ఆ ఒక్క కుళాయిని నమ్ముకునే ఆమె పని మానేసింది. దాన్ని నమ్ముకునే పాత ఉక్కు డ్రమ్ము కొని, తోమి తోమి మొహం కనిపించేలా చేసింది.

షెడ్డు మూల రెండు బస్తాల మొలకెత్తించిన బార్లీ, బీరుకు చేదు తెచ్చే హాప్ పూలు ఒక సంచి ఉన్నాయి. ఆమె బస్తా మూతి విప్పి గుప్పెడు గింజలు తీసి, ఒక్కొక్కటే వేళ్ల మధ్య నుంచి జార్చి, మూతి కట్టేసింది.

అప్పుడే గాలి వచ్చి షెడ్డు కిటికీ తలుపు దభాలున కొట్టుకుంది. అది కొట్టుకోకుండా అడ్డుగా పెట్టిన సీసా పక్కకి పడి దొర్లింది.

"ఆ సీసా నిలబెట్టవే, అద్దం పగుల్తుంది," అంది అత్తగారు.

డ్రమ్ములక్క సీసా తీసింది. పెద్దమ్మ ఇంట్లో కొత్త డ్రమ్ము దింపిన రోజు పనివాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చిన సీసా అది. వడకట్టకుండా డ్రమ్ములోంచి తిన్నగా పట్టింది. ఇంట్లో తాగేవాళ్లు లేక కిటికీకి అడ్డు అయింది. రెండు వర్షాకాలాలు ఆ కిటికీని అదే కాసింది. నిలబెట్టబోతూ ఆమె ఆగిపోయింది. సాయంకాలపు ఎండ గోధుమరంగు గాజులోంచి వస్తోంది. సీసా అడుగున, గోరు మందం కూడా లేకుండా, దొర్లినా కదలకుండా అతుక్కుపోయిన తెల్లటి పొర ఒకటి కనిపించింది.

'అది చావదే. తిండి లేక పడుకుంటుంది. అంతే.' ఎప్పుడో మడ్డి గరిటె కడుగుతూ పెద్దమ్మ అన్న మాట.

ఆమె సీసాను రెండు చేతులతో నిటారుగా పట్టుకుని నడిచింది. కిటికీ మళ్లీ కొట్టుకుంది. అత్తగారు గొణుక్కుంటూ లేచి ఇటుక పెట్టింది. ఆ సందులో ఇటుక సరిగ్గా పట్టలేదు.

*

చిన్న గిన్నెలో బార్లీ నానబెట్టి, కాచి, పలుచటి కషాయం తీసింది. దాన్ని మళ్లీ మరిగించి మూత పెట్టి చల్లార్చింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. సీసా మూతి స్టవ్ మంట మీద తిప్పి, మూత తీసి, బీరును మెల్లగా వంచి పారబోసింది. అడుగున రెండు వేళ్ల మందం మిగిలాక ఆపింది.

"రెండేళ్లు కాపలా కాసిన దానికి నువ్విచ్చే మర్యాద ఇదా!" అంది అత్తగారు తలుపు దగ్గర్నుంచి.

మిగిలినదాన్ని గుండ్రంగా తిప్పింది. తెల్ల పొర పొగలా లేచింది. దాన్ని టీ గ్లాసులోకి ఒంపి, చల్లారిన కషాయం కొంచెం కలిపి, ఉడకబెట్టిన గుడ్డ కప్పి, పొయ్యి పక్క గోడ దగ్గర పెట్టింది. ఆ గోడకు వంట వేడి తగులుతూ ఉంటుంది.

మర్నాడు ఏమీ లేదు. గ్లాసు అడుగున సున్నం పట్టినట్టు తెల్లగా ఉంది, అంతే. ఆ తర్వాతి రోజు కూడా అలాగే ఉంది. ఆమె అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి వంగి చూసింది. గుడ్డ మాత్రం ఎత్తలేదు.

"అన్నిసార్లు చూస్తే దిష్టి తగిలి చస్తుంది," అంది అత్తగారు. సాయంత్రానికి ఆవిడే రెండుసార్లు వంగి చూసింది. లారీ మీద ఎక్కడో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే, "ఏం చేస్తోందా? టీ గ్లాసు ముందు కూచుని తపస్సు చేస్తోంది నీ పెళ్లాం," అని చెప్పింది.

మూడో పొద్దున డ్రమ్ములక్క స్టవ్ వెలిగించబోయి గ్లాసు వైపు చూసింది. గ్లాసు అంచు చుట్టూ ఆవగింజకంటే చిన్న బుడగలు గొలుసులా పేరుకుని ఉన్నాయి. ఆమె చూస్తుండగానే అడుగు నుంచి ఒకటి లేచింది. అది పైకి వచ్చి గొలుసులో చేరింది. ఇంకొకటి లేచింది. ఆమె అగ్గిపెట్టె కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చెవి గ్లాసు దగ్గర పెట్టింది. చాలా సన్నగా, ఎండుటాకుల మీద చినుకులు మొదలైనట్టు, చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా! ఒక్కసారి రండి."

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నడుం పట్టుకుని వంగి, ఆవిడా చెవి పెట్టింది. మొహం మారిపోయింది. చాలాసేపు లేవలేదు.

"ఏదో అంటోందే," అంది గుసగుసగా.

"ఏమంటోంది?"

"ఆకలేస్తోందంటోంది. ఇంత పెట్టు దానికి."

పెట్టింది. గ్లాసులోది జాడీలో పోసి, జాడీ నిండా కొత్త కషాయం పోసింది. మూత వదులుగా పెట్టింది. పనిలో చేరిన కొత్తలో ఆమె ఒకసారి మడ్డి జాడీకి మూత బిగించింది. మధ్యాహ్నానికి అది పేలి గోడంతా చిమ్మింది. పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి, "ఊపిరాడనివ్వవుటే దాన్ని! నీ ముక్కూ నోరూ ఇలా మూస్తే ఊరుకుంటావా?" అని అరిచింది. ఆ తర్వాత గాజు ముక్క గుచ్చుకున్న ఆమె వేలికి కట్టు కట్టింది కూడా ఆవిడే.

గ్లాసుకు మూడు రోజులు పట్టింది. జాడీకి ఒక్క రోజు చాలింది. జాడీలోంచి బకెట్లోకి మార్చాక, పొద్దున వేసింది సాయంత్రానికే నురగ కట్టింది. షెడ్లో వాసన మారింది. మొదట తడి ధాన్యం, తర్వాత అరటిపండు, ఆ తర్వాత ఆమెకు బాగా తెలిసిన ఆ గది వాసన. గోరు మందం లేని పొర ఇప్పుడు బకెట్ అడుగున అరచెయ్యి లోతు ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందిదంతా? ఆమె పోసింది బార్లీ నీళ్లే. అయినా, కంటికి కనిపించనివి ఎన్నో దాన్ని తిని, ఒకటి రెండై, రెండు నాలుగై, ఆమె అన్నం తింటున్నప్పుడూ బట్టలు ఆరేస్తున్నప్పుడూ తమ పని తాము చేసుకుపోతున్నాయి. వాటికి ఇది షెడ్డని తెలీదు. ఎవరు కాదన్నారో, ఎవరు పారబోశారో తెలీదు. ఇన్నేళ్లూ దీన్ని డ్రమ్ముల్లోంచి గోకి, కడిగి, కాలువలోకి తోసింది తనే కదా అనుకుంది.

ఆ మర్నాడు పెద్ద డ్రమ్ముకు సరిపడా కాచడం మొదలెట్టింది. గింజలు పిండి కాకుండా పగిలేలా మర పట్టించింది. వేడినీళ్లలో పోసి, చెక్క తెడ్డుతో ఉండలు కట్టకుండా కలిపింది. చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత వేడి, మరగనంత వేడి, అక్కడే నిలబెట్టింది. తీపి కషాయం వడకట్టి, హాప్ పూలు వేసి మరిగించింది. పిప్పిని పక్కింటి పాలామె గేదెల కోసం తట్టలో పట్టుకెళ్లింది. చల్లారిన కషాయం డ్రమ్ములో పోసి, బకెట్లోని మడ్డి అందులో వంచి, మూత పెట్టి, మూతలోంచి ఒక గొట్టం తీసి నీళ్ల బకెట్లో ముంచింది.

తెల్లారేసరికి గొట్టం బుడబుడమంటోంది. మధ్యాహ్నానికి నురగ గొట్టంలోంచి పొంగి బకెట్లోకి రావడం మొదలైంది. బకెట్ నిండింది. ఆమె దాన్ని కాలువలో పోసి మళ్లీ పెట్టింది. అది మళ్లీ నిండింది.

*

కుళాయిల బాబాయి తనంతట తనే వచ్చాడు. షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టి, ముక్కు ఎగబీల్చి, కళ్లు మూసుకున్నాడు.

"ఇదే," అన్నాడు. "ఇదేనమ్మా. ఎక్కడిదిది?"

"కిటికీలోది," అంది అత్తగారు గర్వంగా.

ఆయన పీట మీద కూలబడ్డాడు. "నీకు తెలిసినట్టు లేదు. పెద్దమ్మ పీపాలు మూడూ వెనక్కి పంపేశాను. నోట్లో పెడితే పులుపు, పళ్లు జివ్వుమన్నాయి. కొత్త రబ్బరు పైపులో ఏదో పురుగు పట్టిందంట, అది మడ్డికంతా అంటుకుంది. డ్రమ్ములన్నీ పారబోసింది. ఆవిడ దగ్గర తెచ్చుకున్నవాళ్లందరిదీ అంతే. బట్టతలాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూచున్నాడు, అక్కడ పట్టుకోవడానికి జుట్టు కూడా లేదు పాపం. ఊళ్లో మంచి మడ్డి చుక్క లేదిప్పుడు." డ్రమ్ము వైపు చూశాడు. "నీ దగ్గర తప్ప."

గొట్టం బుడబుడమంది.

"ఏడో కుళాయి కూడా ఖాళీ అయింది. ఇంకో డ్రమ్ము పెట్టుకోగలిగితే రెండూ నీవే. నేను మాట తప్పను."

ఆయన వెళ్లాక అత్తగారు రెండు వేళ్లు చూపించింది. "రెండు! రెండు కుళాయిలు మనవి!" ఆవిడ మొహం పెళ్లికి వెళ్లొచ్చినదానిలా ఉంది. డ్రమ్ములక్క నవ్వింది. రెండో డ్రమ్ము ఎక్కడ పెట్టాలా అని షెడ్డు మూల వైపు చూసింది కూడా. బస్తాలు జరిపితే పడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది. చెప్పులతో వచ్చింది. బూట్లు లేకుండా ఆవిడను చూడటం డ్రమ్ములక్కకు అలవాటు లేదు, ఆవిడ పొట్టిగా అనిపించింది. భుజాన గుడ్డ సంచి ఉంది.

"వీధి మొదట్లోకే వాసనొచ్చింది," అంది పెద్దమ్మ. "నా ఇంటి వాసన. ఎప్పుడు ఎత్తుకొచ్చావ్?"

డ్రమ్ములక్క చేతులు తుడుచుకుంది. కిటికీ వైపు చూపించింది. గట్టు మీద ఇటుక పక్కన ఖాళీ సీసా ఉంది. పెద్దమ్మ వెళ్లి దాన్ని తీసి, వెలుతురుకు పట్టి, అడుగున వేలితో తట్టింది.

"ఇది నేనిచ్చిందే. ఇన్నాళ్లూ తాగలేదా?"

"మా ఇంట్లో తాగేది ఆ కిటికీ ఒక్కటే," అంది అత్తగారు.

పెద్దమ్మ నవ్వలేదు. సీసాను ఎక్కడిదక్కడే పెట్టింది. చుట్టూ చూసి, కుళాయి దగ్గరకు వెళ్లి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తడి చేతులు పైకెత్తి పట్టుకునే వచ్చి డ్రమ్ము పక్కన నిలబడింది. డ్రమ్ములక్క మూత ఒక పక్కకు జరిపింది. లోపల నురగ తెల్లగా, కొండలు కొండలుగా లేచి ఉంది. చూస్తుండగానే ఒక కొండ మెల్లగా కుంగింది, దాని వెనక ఇంకొకటి లేచింది. పెద్దమ్మ వంగి ఊపిరి పీల్చింది. అలాగే ఉండిపోయింది. జ్వరం చూసినట్టు డ్రమ్ము పక్కన అరచెయ్యి ఆనించింది. గొట్టం ఒక్కటే మాట్లాడింది.

"ఎంతతో మొదలెట్టావ్?" అంది చివరికి.

"టీ గ్లాసు అడుగున. ఇంత కూడా లేదమ్మా."

"రెండేళ్లదాంట్లోంచి..." పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నేనైతే పారబోసేదాన్ని."

"చావదు, పడుకుంటుందని మీరే అన్నారు కదమ్మా."

"నేనన్నానా?" పెద్దమ్మ ఆమె వైపు మొదటిసారి సూటిగా చూసింది. "నాకు గుర్తులేదే. ఏదో పనిలో పడి ఊరికే అని ఉంటాను."

ఆ ఒక్క మాటను పట్టుకునే డ్రమ్ములక్క మూడు రోజులు గ్లాసు ముందు కూర్చుంది.

పెద్దమ్మ భుజం మీది సంచి దించింది. అందులోంచి గుడ్డలో చుట్టిన జాడీ తీసింది. కడిగి ఆరబెట్టిన జాడీ. దాన్ని పీట మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, గుమ్మం దగ్గర నిలబడింది.

అత్తగారు గొంతు సవరించుకుంది. కొంగు చాటున రెండు వేళ్లు చూపించింది.

గొట్టం కింద బకెట్ అంచు దాకా నిండి ఉంది. పక్కనే కాలువ. దాన్ని ఎత్తడం, అంచు ఆనించడం, మెల్లగా వంచడం డ్రమ్ములక్క చేతులకు తెలుసు. ఆ రోజు గుమ్మంలో నిలబడినప్పుడు ఎలా ఉంటుందో కూడా తెలుసు. మిగల్లేదు అనడానికి ఒక్క మాట చాలు.

డ్రమ్ములోంచి బుడగల చప్పుడు వస్తూనే ఉంది. ఆమె గరిటెను మరిగే నీళ్లలో ముంచి తీసింది. బకెట్ వైపు వెళ్లలేదు. పులుస్తున్నంతసేపూ మడ్డి నురగతో పైకి తేలుతుంది. డ్రమ్ము మూత తీసి, పైన హాప్ పూల నల్లటి చెత్త ఉన్న నురగను పక్కకు తోసి, నడిమధ్య నుంచి, తెల్లగా చిక్కగా ఉన్న చోట నుంచి గరిటెలు గరిటెలుగా తీసి జాడీ నింపింది. పైన కొంచెం ఖాళీ ఉంచింది, అది పొంగుతుంది కాబట్టి.

పెద్దమ్మ ముందుకొచ్చి మూత అందుకుంది. తొందరలో గట్టిగా తిప్పేసింది. డ్రమ్ములక్క చెయ్యి చాచి, ఆవిడ వేళ్ల మీదుగా మూత పట్టుకుని, అర తిప్పు వెనక్కి తిప్పింది. లోపలి నుంచి చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు వచ్చింది.

పెద్దమ్మ మూత వైపు చూసింది. తర్వాత ఆమె వేలి మీది పాత గాటు వైపు చూసింది. జాడీని సంచిలో పెట్టుకోలేదు. రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని, ఎండలో, అడుగు చూసుకుంటూ వీధి చివరి దాకా నడిచి వెళ్లింది.

"నోరు తెరిచి అడగనైనా అడగలేదు," అంది అత్తగారు. "ఎందుకిచ్చావే?"

"జాడీ తెచ్చిందిగా అత్తయ్యా."

అత్తగారు కాసేపు గొణిగింది. తర్వాత వెళ్లి గొట్టం కింది బకెట్ తనే ఎత్తబోయింది, బరువుకు ఎత్తలేక కోడల్ని పిలిచింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఖాళీ బకెట్ మార్చారు. గాలికి కిటికీ మళ్లీ కొట్టుకుంది. ఇటుక జారి కింద పడింది.

"ఇదిగో, విను," అంది అత్తగారు ఇటుక తీస్తూ. "సీసాల్లో పట్టేటప్పుడు మొదటి సీసా అమ్మెయ్యకు. కిటికీకి తీసిపెట్టు."